పదహారో బ్లాకు దగ్గర ఆగిపోయే ఫైలు

ఫోను లైను మీద ఫైళ్ళు పంపడానికి పుట్టిన పాత ప్రొటోకాల్ ఎక్స్‌మోడెమ్. అది ఫైలును బ్లాకులుగా పంపుతుంది. ప్రతి బ్లాకుకూ ముందు మూడు బైట్లు ఉంటాయి: ఒక ప్రారంభ గుర్తు, బ్లాకు నంబరు, ఆ నంబరులోని బిట్లన్నీ తిరగేసిన బైట్. తర్వాత 128 బైట్ల డేటా, చివర దారిలో తప్పు జరిగిందేమో చూసుకునే ఒక చెక్‌సమ్ బైట్. మొదటి పదిహేను బ్లాకులు సాఫీగా వెళ్తాయి. తర్వాతి బ్లాకు నంబరు 16. అక్షరాలకు నంబర్లిచ్చే ఆస్కీలో 16 అంటే కంట్రోల్-పి. 1980లలో, డేటాను ప్యాకెట్లుగా కట్టి పంపే ఎక్స్.25 నెట్‌వర్కు మీదుగా ఫైలు పంపేవాళ్ళకీ అవతలి కంప్యూటర్‌కీ మధ్య ప్యాడ్ అనే పెట్టె ఒకటి ఉండేది. మామూలు సెట్టింగుల్లో ఆ ప్యాడ్‌కు కంట్రోల్-పి అందితే, అవతలికి పంపాల్సిన డేటాగా కాకుండా తనకిచ్చిన పిలుపుగా తీసుకుంటుంది. పంపడం ఆపేసి, మీ ఆజ్ఞ కోసం ఎదురుచూస్తుంది. ఫైలు అక్కడే ఆగిపోతుంది. ఫైల్లో ఉన్నవన్నీ మామూలు అక్షరాలే అయినా ఫలితం ఇదే, ఎందుకంటే పేచీ వచ్చింది బ్లాకు నంబరుతో. ఎలాగోలా 16 దాటినా, ముందు 17, 19 ఉన్నాయి. అవి ఎక్స్-ఆన్, ఎక్స్-ఆఫ్. "పంపు", "ఆపు" అని మోడెమ్‌కీ ప్యాడ్‌కీ మధ్య నడిచే సంకేతాలు.

వార్డ్ క్రిస్టెన్సెన్ 1977లో ఎక్స్‌మోడెమ్ రాసినప్పుడు మధ్యలో ఇలాంటి పెట్టె ఉంటుందని అనుకోవాల్సిన అవసరమే ఆయనకు లేదు. సీపీ/ఎమ్ అనే ఆనాటి ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే ఒక కంప్యూటరు, ఒక ఫోను లైను, ఇంకో సీపీ/ఎమ్ కంప్యూటరు. డిస్కులో ఒక సెక్టారు 128 బైట్లు, అందుకే బ్లాకూ 128 బైట్లు. ఆ పనికి అది చక్కని ప్రొటోకాల్. దాన్ని తీసుకెళ్ళి ప్యాకెట్ నెట్‌వర్కు మీద పెట్టినప్పుడే ఇబ్బంది మొదలైంది.

నేను హైదరాబాద్‌లో నెట్‌వర్క్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. ఎవరూ వాడని ఎక్స్.25 మాన్యువల్స్ ఇప్పుడెందుకు చదువుతున్నావని తోటివాళ్ళు అడుగుతుంటారు. నా జవాబు ఇది: ఫైలు పంపడానికి ఏ ప్రొటోకాల్ ఎంచుకోవాలి అన్న ప్రశ్నను ఆ కాలం అడిగినంత పద్ధతిగా తర్వాత మనం అడగలేదు. ఈ చర్చ ఎప్పుడు జరిగినా "ఏది ఫాస్ట్?" దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది. అడగాల్సినవి రెండు వేరే ప్రశ్నలున్నాయని నేను గట్టిగా నమ్ముతాను. మధ్యలో ఉన్న నెట్‌వర్కు నా బైట్లను ఏం చేస్తుంది? ఫైలు సరిగ్గా చేరిందని చివరికి ఎవరు తేలుస్తారు?

ప్యాడ్ దగ్గర మొదలుపెడతాను, చాలామంది దాటేసేది దాన్నే. ఎక్స్.25 ప్రమాణాన్ని అంతర్జాతీయ టెలికాం ప్రమాణాల సంస్థ సీసీఐటీటీ 1976లో ఆమోదించింది. అమెరికాలో టెలినెట్, టిమ్‌నెట్, ఫ్రాన్సులో ట్రాన్స్‌పాక్, కెనడాలో డేటాపాక్, బ్రిటన్‌లో పీఎస్ఎస్, అన్నీ ఆ కుటుంబానివే. మామూలు టెర్మినల్‌కు ప్యాకెట్లు తయారుచేయడం రాదు. ఒక్కో అక్షరం పంపడమే తెలుసు. ఆ అక్షరాలను పోగుచేసి ప్యాకెట్‌గా కట్టి పంపేది, అవతల విప్పేది ప్యాడ్. దానికి ఎక్స్.3 అనే ప్రమాణం కింద నంబర్లు వేసిన సెట్టింగులుంటాయి. ఒకటో నంబరు కంట్రోల్-పి సంగతి చూస్తుంది. మూడో నంబరు, ఏ అక్షరం వస్తే పోగుచేసినదాన్ని వెంటనే పంపేయాలో చెబుతుంది. నాలుగో నంబరు, కొత్త అక్షరాలేవీ రాకపోతే ఎంతసేపు ఆగి పంపాలో చెబుతుంది. దాన్ని సెకనులో ఇరవయ్యో వంతుల్లో కొలుస్తారు.

ఇప్పుడు ఎక్స్‌మోడెమ్ బ్లాకు ఒకటి ఈ ప్యాడ్‌లోకి వెళ్తోంది అనుకోండి. బ్లాకు మొత్తం 132 బైట్లు. ఎక్స్.25 ప్యాకెట్ మామూలు పరిమాణం 128 బైట్లు. మొదటి 128 బైట్లు నిండగానే ప్యాకెట్ బయల్దేరుతుంది. మిగిలిన నాలుగు బైట్లు ప్యాడ్‌లోనే ఉండిపోతాయి. వాటిలో "వెంటనే పంపు" అనే అక్షరం ఏదీ లేకపోతే, టైమర్ అయిపోయేదాకా కదలవు. టైమర్ సున్నాగా పెట్టి ఉంటే అసలే కదలవు. అవతలివాడు చెక్‌సమ్ కోసం ఎదురుచూస్తాడు, ఇవతలివాడు జవాబు కోసం. పది సెకన్లు గడిచాక మళ్ళీ మొదటికి వస్తుంది.

ప్యాడ్‌ను సరిగ్గా సెట్ చేశామే అనుకుందాం. అయినా ఎక్స్‌మోడెమ్‌తో అసలు సమస్య తీరదు. ఒక బస్తా మిల్లులో దించి, రసీదు చేతికొచ్చాకే ఇంటికెళ్ళి రెండో బస్తా బండికెత్తే మనిషి పని ఎలా ఉంటుందో ఎక్స్‌మోడెమ్ పని అలా ఉంటుంది. ఒక బ్లాకు పంపడం, "అందింది" అనే జవాబు వచ్చేదాకా ఖాళీగా కూర్చోవడం. నేరుగా ఫోను లైను మీద ఆ జవాబు వెంటనే వస్తుంది కాబట్టి ఎవరికీ తెలియదు. ప్యాకెట్ నెట్‌వర్కులో మధ్యనున్న ప్రతి స్విచ్చీ ప్యాకెట్‌ను పూర్తిగా తీసుకుని, సరిచూసి, క్యూలో పెట్టి, తర్వాతి స్విచ్చికి ఇస్తుంది. ప్యాడ్ ఆలస్యం దానికి అదనం. రానూపోనూ ఒక సెకను పడుతుందనుకుని లెక్క వేద్దాం.

2400 బిట్ల మోడెమ్ అంటే, లైను మీద అక్షరానికి పది బిట్ల చొప్పున, సెకనుకు 240 అక్షరాలు. 132 బైట్ల బ్లాకు పంపడానికి 0.55 సెకను. జవాబుకు ఇంకో సెకను. అంటే 1.55 సెకన్లలో చేరింది 128 బైట్లు: సెకనుకు 82. 100 కిలోబైట్ల ఫైలు ఏడు నిమిషాల్లో వెళ్ళాల్సింది, ఇరవై నిమిషాలు దాటుతుంది. అదే 1200 మోడెమ్‌తో సెకనుకు 61 వస్తుంది. 9600 మోడెమ్ కొంటే 112. మోడెమ్ వేగం ఎనిమిది రెట్లయింది, ఫైలు వేగం రెండు రెట్లు కూడా కాలేదు. ఎక్కువ డబ్బు పెట్టి మోడెమ్ కొన్నవాళ్ళ బాధ ఏ బ్రోచర్‌లోనూ ఉండదు. సమయమంతా పోతున్నది ఎదురుచూపులో అయినప్పుడు, మోడెమ్ మార్చి ప్రయోజనం లేదు. ప్రొటోకాల్ మార్చాలి.

డబ్బు సంగతి కూడా చూడాలి. పీఎస్ఎస్ లాంటి నెట్‌వర్కుల్లో బిల్లు సెగ్మెంట్ల లెక్కన వచ్చేది. సెగ్మెంట్ అంటే 64 బైట్లు. ప్యాకెట్‌లో ఒక్క బైటే ఉన్నా ఒక సెగ్మెంట్ కిందే లెక్క. ఎక్స్‌మోడెమ్ బ్లాకు మొదటి ప్యాకెట్‌కు రెండు సెగ్మెంట్లు, మిగిలిన నాలుగు బైట్లకు ఒకటి, తిరిగొచ్చే ఒక్క బైట్ జవాబుకు ఒకటి. మొత్తం నాలుగు. ఆపకుండా, నిండు ప్యాకెట్లతో పంపే ప్రొటోకాల్‌కు అదే 128 బైట్లకు రెండు చాలు. అంటే ప్రొటోకాల్ ఎంపిక తప్పితే బిల్లు రెట్టింపు.

ఇక్కడే ఒక తప్పుడు పరిష్కారం పుట్టింది. "ఎక్స్.25 ఎలాగూ తప్పులు దిద్దుతుంది. ప్రతి లింకు మీదా సీఆర్‌సీ (మామూలు కూడిక కన్నా గట్టి చెక్) ఉంది, చెడిన ఫ్రేము మళ్ళీ పంపిస్తుంది. ఇక పైన ఇంకో పరీక్ష దేనికి?" అనే వాదన. దీనికి తగ్గ ప్రొటోకాల్ కూడా ఉంది: వైమోడెమ్-జి. అది జవాబుల కోసం ఆగకుండా పంపుకుంటూ పోతుంది. తప్పు దొరికితే దిద్దుకునే దారి దానికి లేదు, ట్రాన్స్‌ఫర్ మొత్తం రద్దవుతుంది. తప్పులే రాని లైను మీద వాడమని దాన్ని తయారుచేసినవారే చెప్పారు. కానీ ఎక్స్.25 అలాంటి లైను అని అనుకోవడాన్ని నేను ఒప్పుకోను. కారణాలు రెండు.

మొదటిది, ఎక్స్.25 రక్షణ ప్యాడ్ దగ్గర మొదలై ప్యాడ్ దగ్గర ముగుస్తుంది. మీ ఇంటి మోడెమ్ నుంచి ప్యాడ్ దాకా ఉన్నది మామూలు టెలిఫోను లైను. మోడెములే తప్పులు దిద్దుకునే వి.42 ప్రమాణం వచ్చింది 1988లో. టెలినెట్ 1985లో పెట్టిన పీసీ పర్స్యూట్ సేవే తీసుకోండి. నెలకు 25 డాలర్లు కట్టి, రాత్రులూ సెలవు రోజుల్లో లోకల్ నంబరుకు డయల్ చేస్తే, టెలినెట్ నెట్‌వర్కు మీదుగా ఇంకో నగరానికి వెళ్ళి, అక్కడి మోడెమ్ నుంచి ఆ ఊరి బులెటిన్ బోర్డుకు (ఫోను చేసి ఫైళ్ళు, సందేశాలు ఇచ్చిపుచ్చుకునే కంప్యూటరుకు) మళ్ళీ ఫోను చేసేవారు. దారి మధ్యలో ఎక్స్.25, రెండు కొసల్లోనూ గరగరలాడే ఫోను లైన్లు. "నెట్‌వర్కు తప్పుల్లేనిది" అన్న మాట మధ్య భాగానికే నిజం.

రెండో కారణం ఇంకా లోతైనది. సాల్ట్‌జర్, రీడ్, క్లార్క్ అనే ముగ్గురు ఎంఐటీ పరిశోధకులు 1984లో అచ్చయిన ఎండ్-టు-ఎండ్ వాదన పత్రంలో ఉదాహరణగా తీసుకున్నది ఫైలు పంపడాన్నే. అందులో ఎంఐటీలో నిజంగా జరిగిన సంగతి ఒకటుంది. నెట్‌వర్కులను కలిపే గేట్‌వే కంప్యూటర్లుండేవి. ప్రతి లింకు మీదా చెక్‌సమ్ ఉంది కాబట్టి డేటా భద్రమే అని ప్రోగ్రామర్లు అనుకున్నారు. కానీ ఒక గేట్‌వేలో, ఒక బఫర్ నుంచి ఇంకో బఫర్‌కు కాపీ అయ్యేటప్పుడు, సుమారు పది లక్షల బైట్లకు ఒకసారి పక్కపక్క బైట్లు రెండు తారుమారయ్యేవి. లింకు మీది చెక్‌సమ్‌కు అది అందదు, తప్పు జరిగింది లింకు మీద కాదు కదా. ఒక ఆపరేటింగ్ సిస్టమ్ సోర్సు ఫైళ్ళు ఆ గేట్‌వే గుండా మళ్ళీ మళ్ళీ వెళ్ళి పాడయ్యాయి. పాత ప్రింటవుట్లు ముందు పెట్టుకుని, చేత్తో పోల్చుకుంటూ దిద్దుకోవాల్సి వచ్చింది.

ఈ సంగతి చదివిన ప్రతిసారీ నాకు ఎక్స్‌మోడెమ్ చెక్‌సమ్ గుర్తొస్తుంది. అది బైట్లన్నీ కూడి, చివరి ఎనిమిది బిట్లు ఉంచుకోవడమే. బ్లాకు లోపల రెండు బైట్లు స్థానాలు మార్చుకుంటే కూడిక మారదు! సరిగ్గా ఎంఐటీలో జరిగిన తప్పును ఎక్స్‌మోడెమ్ మొదటి రూపం ఎన్నటికీ పట్టుకోలేదు. తర్వాత వచ్చిన సీఆర్‌సీ రూపం పట్టుకుంటుంది. కాబట్టి "చెక్‌సమ్ ఉంది" అన్నంత మాత్రాన నేను తృప్తి పడను. ఏ రకం చెక్, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అని అడుగుతాను.

కావాల్సినవి ఇప్పుడు స్పష్టమే. జవాబు కోసం ఆగకూడదు. కంట్రోల్ అక్షరాలను మరుగుపరచి పంపాలి. చివరికొసన గట్టి పరీక్ష ఉండాలి. 1980ల నడిమికల్లా ఈ మూడూ గుర్తించినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఎక్స్‌మోడెమ్‌కు విండో, అంటే జవాబు రాకముందే కొన్ని బ్లాకులు పంపే వీలు, తగిలించిన డబ్ల్యూఎక్స్‌మోడెమ్, సీలింక్ లాంటివి వచ్చాయి. మంచి ప్రయత్నాలు, ఎక్కువకాలం నిలవలేదు. నిలిచినవి రెండు: జెడ్‌మోడెమ్, కెర్మిట్.

జెడ్‌మోడెమ్ పుట్టుకే ప్యాకెట్ నెట్‌వర్కు కోసం. 1986లో చక్ ఫోర్స్‌బర్గ్ చేత దాన్ని రాయించింది టెలినెట్టే. అందరూ వాడుకునేలా పబ్లిక్ డొమైన్‌లో పెట్టించింది. దాని డిజైన్‌లో ప్యాడ్‌తో పరిచయం అడుగడుగునా కనిపిస్తుంది. 16, 17, 19 విలువలను నేరుగా పంపదు. టెలినెట్ ప్యాడ్‌ను పిలవాలంటే రిటర్న్, @, రిటర్న్ అనే వరస కొట్టాలి. అందుకని డేటాలో @ తర్వాత రిటర్న్ వస్తే, ఆ రిటర్న్‌నూ మార్చి పంపుతుంది. ఇంత చిన్న సంగతి కూడా ఆలోచించిన ప్రొటోకాల్ అంటే నాకు చాలా గౌరవం. 32 బిట్ల సీఆర్‌సీ ఉంది. మధ్యలో తెగిపోతే ఆగిన చోటునుంచి కొనసాగుతుంది. నా లెక్కలోని 2400 లైను మీద సెకనుకు 225 దాటుతుంది.

మరి అదే వాడమని తేల్చేయొచ్చు కదా? బులెటిన్ బోర్డుల కాలం నుంచీ చాలామంది అభిప్రాయం అదే. నేను మాత్రం ముందు ఒక ప్రశ్న అడుగుతాను: దారి పొడవునా ఎనిమిది బిట్లూ చెక్కుచెదరకుండా వెళ్తాయా? అవతల ఉన్నది పాత మెయిన్‌ఫ్రేమ్ అయినా, ప్యాడ్ ఎనిమిదో బిట్‌ను పారిటీకి, అంటే తప్పు పట్టుకునే గుర్తుగా, వాడుకుంటున్నా, జెడ్‌మోడెమ్ పని అక్కడితో సరి. కెర్మిట్ నడుస్తుంది.

కెర్మిట్‌కు నిదానం అనే చెడ్డపేరు వచ్చింది, మొదటి రూపం విషయంలో అది నిజమే. 1981లో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ డా క్రూజ్, బిల్ క్యాచింగ్స్ దాన్ని మొదలుపెట్టినప్పుడు వాళ్ళ ముందున్నది ఏడు బిట్లే పంపనిచ్చే ఐబీఎం మెయిన్‌ఫ్రేములు, డెక్-20లు, మైక్రో కంప్యూటర్లు. ప్రతి కంట్రోల్ అక్షరానికీ ముందు # పెట్టి, దాన్ని మామూలు అక్షరంగా మార్చి పంపాలి. ఎనిమిదో బిట్ ఉంటే ముందు & పెట్టాలి. జిప్ లాంటి ఫైలు ఎనిమిది బిట్ల లైను మీద పావు వంతు పెరుగుతుంది, ఏడు బిట్ల లైను మీద ముప్పావు వంతు. పైగా ఎక్స్‌మోడెమ్ లాగే ఒక ప్యాకెట్, ఒక జవాబు. నా లెక్కలోని లైను మీద సెకనుకు 50 బైట్లు. ఎక్స్‌మోడెమ్ కన్నా తక్కువే.

కానీ తర్వాతి కెర్మిట్‌కు స్లైడింగ్ విండో వచ్చింది, 31 ప్యాకెట్ల దాకా జవాబు రాకుండానే పంపొచ్చు. ఒక సెకను ఆలస్యం ఉన్న 2400 లైను నిండుగా నడవడానికి, చిన్న ప్యాకెట్లతోనే, నాలుగు ప్యాకెట్ల విండో చాలు. అప్పుడు వేగం సెకనుకు 175 దాకా వస్తుంది. ఏడు బిట్ల దారిలో కూడా సుమారు 125. ఎక్స్‌మోడెమ్ అసలు అడుగే పెట్టలేని దారిలో, అది మంచి దారిలో ఇచ్చేదానికన్నా ఎక్కువ! ఇంకో సంగతి నన్ను బాగా ఆకట్టుకుంటుంది. కెర్మిట్ పాత ప్యాకెట్ ఎంత పెద్దదైనా వంద బైట్లు దాటదు, కాబట్టి ఒక్క ఎక్స్.25 ప్యాకెట్‌లో ఇమిడిపోతుంది. చివర రిటర్న్ అక్షరం ఉంటుంది, కాబట్టి ప్యాడ్ టైమర్ కోసం ఆగకుండా అప్పటికప్పుడే పంపేస్తుంది. చెక్ రకాన్ని మాత్రం మర్చిపోకుండా మూడుకు మార్చాలి, అదే 16 బిట్ల సీఆర్‌సీ. మొదటి రెండు రకాలూ కూడికలే.

అందుకే నా వరస ఇది: దారి గురించి పూర్తిగా తెలిస్తే, ఎనిమిది బిట్లూ వెళ్తాయని చూసుకుంటే జెడ్‌మోడెమ్. తెలియకపోతే విండోతో కెర్మిట్. ఎక్స్‌మోడెమ్ రెండు కంప్యూటర్లను నేరుగా కలిపే కేబుల్ మీదే. వైమోడెమ్-జి ప్యాకెట్ నెట్‌వర్కు మీద వద్దు.

మెయిల్ సంగతి వేరు. యూనిక్స్ మెషీన్ల మధ్య మెయిల్, ఫైళ్ళు పంపడానికి యూయూసీపీ అనే వ్యవస్థ వాడేవారు. ఫోను లైను మీద దాని జి ప్రొటోకాల్ 64 బైట్ల చిన్న ప్యాకెట్లతో, ప్రతిదానికీ చెక్‌తో నడుస్తుంది. ప్యాడ్ మీద అది అనవసరపు బరువు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధన సంస్థలో పీట్ బీర్టెమా దానికోసం ఎఫ్ ప్రొటోకాల్ రాశారు. ప్రతి బైట్‌నూ ప్యాడ్‌కు అభ్యంతరం లేని అక్షరాల్లోకి మార్చి, ఆపకుండా పంపి, ఫైలు మొత్తానికి చివర ఒకే చెక్‌సమ్. తేడా వస్తే ఫైలంతా మళ్ళీ పంపాలి. చిన్న చిన్న మెయిల్ ఫైళ్ళకు ఇంతకన్నా సరైన బేరం లేదు. నెట్‌వర్కును నమ్మాల్సినంత నమ్మి, చివరి పరీక్షను మాత్రం వదలని డిజైన్ అది. మనదేశంలో 1986లో మొదలైన విద్యా, పరిశోధన సంస్థల నెట్‌వర్కు ఎర్నెట్ తొలి మెయిల్ కూడా యూయూసీపీ మీదే, ఫోను లైన్లలో నడిచింది. అక్కడి దారి వేరు కాబట్టి ఎంపికా వేరు.

1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్ ఇచ్చాక షెల్ అకౌంట్ (అక్షరాలతోనే ఆజ్ఞలిచ్చే కనెక్షన్) వాడిన తెలుగువాళ్ళు ఇది చదువుతుంటే, ఎస్‌జెడ్ అని కొట్టి ఫైలు దించుకోవడం గుర్తుండే ఉంటుంది. టెర్మినల్ ప్రోగ్రాముకు జెడ్‌మోడెమ్ రాకపోతే, తెర మీద రెండు నక్షత్రం గుర్తులు, బి అక్షరం, వరసగా సున్నాలు వచ్చి ఆగేవి. అది టెలినెట్ కోసం పుట్టిన ప్రొటోకాలే.

ఇక ఈరోజు పని. కొత్త రూటరుకు సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికీ, డిస్కు లేని సర్వర్ బూట్ కావడానికీ ఇప్పటికీ టీఎఫ్‌టీపీ అనే సాదా ఫైలు ప్రొటోకాల్ వాడుతున్నాం. అది 512 బైట్లు పంపి, జవాబు వచ్చేదాకా ఆగుతుంది. పక్క ర్యాక్‌లో ఉన్న సర్వర్ నుంచి అయితే ఇబ్బంది లేదు. కానీ హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా ఆఫీసులోని రూటరుకు 30 మెగాబైట్ల ఫైలు ఇలా పంపితే, రానూపోనూ 250 మిల్లీసెకన్ల దూరంలో, 61,440 బ్లాకులకు నాలుగు గంటల పైన పడుతుంది. లింకు ఎంత పెద్దదైనా ఆ సమయం తగ్గదు. ఇలాంటి రాత్రుల్లో, టెన్షన్ పడుతున్న టీమ్ ముందుగా అడిగేది బ్యాండ్‌విడ్త్ పెంచమనే. నేను చూసిన ఒక సంస్థలో, లింకు సగం కూడా వాడకంలో లేకపోయినా, పెద్ద లింకు కొనడానికి ఆఫీసులో కాగితాలు కదిలాయి. 9600 మోడెమ్ కొన్నవాళ్ళు చేసిన పొరపాటే ఇది.

ముందు చేయాల్సింది బ్లాకు పరిమాణం పెంచే ఆప్షన్ పెట్టడం. 1400 బైట్ల బ్లాకుతో ఆ నాలుగు గంటలు గంటన్నరకు వస్తాయి. జవాబు కోసం ఆగకుండా వరసగా బ్లాకులు పంపే విండో ఆప్షన్ టీఎఫ్‌టీపీకి 2015లో ఆర్‌ఎఫ్‌సీ 7440తో వచ్చింది. పదహారు బ్లాకుల విండో కూడా తోడైతే ఆరు నిమిషాలు చాలు. ఈ ఆప్షన్ సర్వర్‌కూ అవతలి పరికరానికీ రెండింటికీ తెలిసుండాలి, లేకపోతే అది ఏ ఎర్రర్ చూపించకుండా పాత పద్ధతికే వెళ్ళిపోతుంది. కాబట్టి ఒకసారి ప్యాకెట్ క్యాప్చర్ తీసి, సర్వర్ పంపిన మొదటి జవాబులో విండో సైజు ఉందో లేదో చూడండి. ఫైలు చేరాక రూటరు మీదే దాని హ్యాష్ (ఫైలు మొత్తానికి వేలిముద్ర లాంటి సంఖ్య) లెక్కించి, తయారీదారు ఇచ్చిన హ్యాష్‌తో పోల్చి, ఆ తర్వాతే రీబూట్ చేయండి. టీఎఫ్‌టీపీకి తనదంటూ చెక్‌సమ్ లేదు.